అతికించని పట్టీ

1944వ సంవత్సరం. వరంగల్‌లో ఒక సర్కారు దవాఖానలో నేను కాంపౌండర్‌గా ఉన్నాను. చేరి అప్పటికి ఆరేళ్ళు. యుద్ధం మూలంగా క్వినైన్ దొరకడం కష్టమైన రోజులవి. ములుగు అడవి వైపు పోయి వచ్చినవాడికల్లా చలిజ్వరం, మా అల్మారాలో చూస్తే అడుగంటిన సీసాలు. ఆ సంవత్సరం నా చేతిమీదుగా ఒక మనిషి చెవులు పోయాయి. ఆ మనిషి పేరు సాయిలు. చివర్లో ఏదో మంచి జరుగుతుందని ఆశపడి ఎవరూ చదవొద్దు, ముందే చెప్తున్నాను. ఆయన చెవులు తిరిగి రాలేదు.

కాంపౌండర్ అంటే ఎవరని మా మనవరాలు అడుగుతుంది. ఇప్పుడు మందులు రేకుల్లో చుట్టుకుని తయారై వస్తున్నాయి కాబట్టి ఆ పిల్లకు తెలియకపోవడంలో తప్పు లేదు. అప్పట్లో డాక్టర్ చీటీ రాసేవాడు. ఆ చీటీ ప్రకారం పొడులూ ద్రావకాలూ తూచి, కొలిచి, కలిపి సీసాలో పోసేవాడు కాంపౌండర్. అలా కలిపిన నీళ్ళమందును మిక్స్‌చర్ అంటాం. సీసా రోగే తెచ్చుకోవాలి.

పోశాక ఇంకో పని ఉంటుంది. మందపాటి కాగితాన్ని వేలెడు వెడల్పున కత్తిరించి, నిలువుగా మడిచి, అంచు మీద కత్తెరతో సమానమైన ఎడంలో గంట్లు పెట్టాలి. విప్పితే రెండు పక్కలా పళ్ళు వస్తాయి. దాన్ని సీసా పొడుగునా గంజితో అతికించాలి. ఇదే డోస్ పట్టీ. మందు ఒక గంటు నుంచి కింది గంటుకు దిగిందంటే ఒక మోతాదు తాగినట్టు. అక్షరం ముక్క రాకపోయినా ఇబ్బంది లేదు. కళ్ళు మసకబారిన ముసలమ్మ కూడా వేలితో తడిమి తెలుసుకుంటుంది. పట్టీలు కొయ్యడంలో నా చెయ్యి మంచి సాపు అని పేరు. రోజూ పొద్దున ఇంట్లో పూజ ముగించి వచ్చి, తలుపులు తెరిచేలోగా కట్టెడు పట్టీలు కోసి పెట్టుకునేవాణ్ణి.

మా దవాఖానకు ముందు వరండా, వెనక ఒక కిటికీ. ఆ వెనక కిటికీ మాల మాదిగ వాడల నుంచి వచ్చేవాళ్ళకు. అలా ఉండాలని సర్కారు ఎక్కడా రాయలేదు. డాక్టర్ సాబ్ ముసల్మాను, పెద్దమనిషి, ఆయనకు ఆ పట్టింపు లేదు. చెట్టు కింద కుర్చీ వేయించుకుని అందరి నాడీ పట్టి చూసేవాడు. పట్టింపు నాది. మాది హన్మకొండ బజార్లో కిరాణా కొట్టు. కొట్లో మా నాయన ఆ వాడలవాళ్ళకు నూనె ఎలా పైనుంచి ధారగా పోసేవాడో చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. దవాఖానకు వచ్చాక అదే పద్ధతి పెట్టాను. వాళ్ళు సీసాను కిటికీ కింది బండ మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరగాలి. నేను చెయ్యి బయటికి చాపి, జానెడు పైనుంచి మిక్స్‌చర్ పోసేవాణ్ణి. ఒక్క చుక్క పక్కన పడేది కాదు. సిగ్గులేకుండా దానికి కూడా గర్వపడేవాణ్ణి.

పట్టీ అతికించాలంటే సీసాను ఎడమచేత్తో పట్టుకోక తప్పదు. కాబట్టి వెనక కిటికీ సీసాలకు పట్టీ లేదు. పేరూ తేదీ రాసే లేబుల్ కూడా లేదు. ఎంత తాగాలో, ఎన్నిసార్లు తాగాలో నోటితో అరిచి చెప్పేవాణ్ణి. ఆరేళ్ళు అలాగే నడిచింది. ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి అంతా సవ్యంగానే ఉందనుకున్నాను.

సాయిలుది ఖిలా వరంగల్ దాటాక వచ్చే ఒక పల్లె. తోలుపని చేసేవాడు, డప్పు కట్టేవాడు, ఊళ్ళో చాటింపు వేసేవాడు. ఆ ఊరి దొర ఉండే గడీలో వెట్టి సరేసరి, పిలిచినప్పుడల్లా పోవాలి, కూలి అనే మాట ఎత్తకూడదు. డాక్టర్ సాబ్ బ్యాగుకు పట్టెడ తెగినా, టాంగా గుర్రం జీను చిరిగినా సాయిలుకే కబురు. వచ్చినప్పుడు నా కిటికీ కింద నేల మీద కూర్చుని, తోలుకు బెజ్జాలు పొడిచే ఆరెతో కుట్టుకుంటూ మాట్లాడేవాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను మాత్రం 'ఏరా' అనేవాణ్ణి. ఆయన 'శేటూ' అనేవాడు.

ఆయన గురుబోధ తీసుకున్నవాడు. మా ప్రాంతంలో అచల గురువులు కులం చూడకుండా బోధ ఇస్తారు. తత్త్వాలు పాడేవాడు, గొంతు ఏమంత బాగుండేది కాదు గాని మాట స్పష్టంగా ఉండేది. నాకేమో శనివారం శనివారం భజన, నుదుట బొట్టు, నాలుగు శ్లోకాలు నోటికి వచ్చునన్న మిడిసిపాటు. తీరిక దొరికితే సాయిలును గిల్లి మాట్లాడించడం నాకు సరదా.

"ఏరా సాయిలూ, సచ్చినంక ఏమైతదని చెప్పిండ్రా మీ గురువు?" అని ఒకసారి అడిగాను.

"సచ్చినంక ముచ్చట మా గురువు చెప్పలే శేటూ. బతికినన్ని దినాలు సావకుంట ఎట్ల ఉండాల్నో గదే చెప్పిండు."

"రోగాలెందుకొస్తయో చెప్పిండా మరి? పోయిన జన్మల చేసిన కర్మరా అది. ఎవని కర్మ వాడు అనుభవించాలె."

ఆయన దారం పళ్ళతో తెంపి, నావైపు చూసి నవ్వాడు. "కర్మ అయితె నువ్వు మందెందుకు పోస్తానవ్ శేటూ? అనుభవించనియ్యరాదు?"

"నోరు బాగ లేస్తాందిరా నీకు."

"తప్పయితె మన్నించు బాంచెన్. గని నాకో అనుమానం. పాపం జేసేది దొర, మూట మోసేది నా నడుము. పైన కర్మ రాసెటోడు నా ఇంటిపేరు, దొర ఇంటిపేరు కలిపి రాసుకున్నడేమో."

నాకు నవ్వొచ్చింది. కోపం కూడా వచ్చింది. గదిలోకి పోయి తక్కెడ తుడుచుకుంటూ ఓ అరగంట గడిపాను. ఆయన మాటలు అలా ఉండేవి. ఎదిరించినట్టూ ఉండదు, వంగినట్టూ ఉండదు.

ఇంకోసారి ఆయనంతట ఆయనే అన్నాడు. "మా గురువు గీ కుడి చెవుల ఒక్క మాట చెప్పిండు శేటూ. నాకున్న ఆస్తి గదే. భూమి లేదు, జాగ లేదు. చెవి ఉన్నది. డప్పు కాపుకున్నప్పుడు తోలు ఎంత బిగిసిందో చెప్పేది సుత గీ చెవే." డప్పును మంట దగ్గర పట్టి వేడి చేస్తే తోలు బిగుస్తుంది. వేలితో కొట్టి వింటూ, మోత సరైన చోటికి రాగానే మంట నుంచి తీసేయాలి. అర నిమిషం ఎక్కువైతే తోలు పిగిలిపోతుంది. అది చెప్పగలిగేది చెవి తప్ప ఇంకొకటి లేదు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక దొర ములుగు అడవికి వేటకు పోయాడు. జంతువులను అదిలించి తోలడానికి డప్పులవాళ్ళను వెట్టికి తీసుకుపోయారు, వాళ్ళలో సాయిలూ ఉన్నాడు. పది రోజులు అడవిలో మంచుకు తడిసి, దోమల్లో పడుకుని, తిరిగి వచ్చేసరికి చలిజ్వరం పట్టుకుంది. భార్య లచ్చవ్వ ఆయనను భుజం ఆనించి నడిపించుకుంటూ తీసుకొచ్చింది. డాక్టర్ సాబ్ కడుపు నొక్కి చూసి, క్వినైన్ మిక్స్‌చర్ రాశాడు. మూడు రోజులకు తొమ్మిది మోతాదులు.

లచ్చవ్వ సీసా బండ మీద పెట్టి జరిగింది. నేను పోశాను.

"పూటకెంత తాపాలె అయ్యా?"

"గుక్కెడు. దినానికి మూడు పూటలు."

"గుక్కెడంటె ఎంత అయ్యా? సీస మీద జర చూపెట్టరాదు?"

ఆమె అడిగింది. ఈ మాట నేను ఎన్నటికీ మరిచిపోలేను. చూపించమని అడిగింది. నేను కిటికీలోంచి వంగి, సీసా మీద వేలు పెట్టి, ఇక్కడికి అని చూపిస్తే అయిపోయేది. వేలు సీసాకు తగులుతుంది కాబట్టి చూపించలేదు.

"గుక్కెడంటె గుక్కెడే. పసిపిల్లవా నువ్వు? జరుగు, ఎనక మంది ఉన్నరు" అని కసురుకున్నాను.

సాయిలు గుక్క ఎంతటిదో నేను చూడలేదు. కష్టం చేసే మనిషి, ముంతెత్తి తాగే అలవాటు. దానికి తోడు గడీ నుంచి మనిషి వచ్చి, చాటింపు వెయ్యాల్సిన పని ఉంది, తొందరగా లేవమని గదమాయించి పోయాడట. జ్వరం త్వరగా వదలాలని ఇంకాస్త గట్టిగానే తాగాడు. మూడు రోజుల మందు ఒకటిన్నర రోజులో అయిపోయింది.

లచ్చవ్వ ఖాళీ సీసాతో మళ్ళీ వచ్చింది. "ఒడిసింది అయ్యా. చెవులు గుయ్యిమంటానయట. కండ్లు సుత మసకలు కొడ్తానయ్ అంటాండు."

క్వినైన్ తాగితే చెవుల్లో మోత వస్తుంది. దీన్ని సింకోనిజం అంటారు. మోతాదు ప్రకారం తాగినవాళ్ళకు మందు ఆపాక తగ్గిపోతుంది. అందుకని అందరికీ చెప్పే మాటే ఆమెకూ చెప్పాను. "క్వినైన్ అంటె గంతేనే. గుయ్యిమన్నదంటె మందు పని చేస్తాన్నట్టు. ఫికర్ చెయ్యకు."

ముందు వరండా సీసా అయితే లేబుల్ మీద తేదీ కనిపించేది. ఇది మొన్న పోసిన మందు కదా, ఇవాళే ఎలా అయిపోయింది అని అప్పుడే పట్టుకునేవాణ్ణి. ఇది బోడి సీసా. ఎన్నడు పోశానో గుర్తు లేదు, అడగాలనీ తోచలేదు. పాత చీటీ మీదే, ఉన్న కొద్ది మందులోంచే, జానెడు పైనుంచి మళ్ళీ నిండా పోశాను. ఒక్క చుక్క కూడా పక్కన పడలేదు.

నాలుగు రోజుల తర్వాత ఇద్దరూ వచ్చారు. సాయిలు తనంతట తానే నడిచి వచ్చాడు, ఒంట్లో జ్వరం లేదు. నేను హుషారుగా "ఏరా, లేచినవా?" అన్నాను. ఆయన నా నోటివైపు చూస్తూ ఉండిపోయాడు.

"జరం పోయింది అయ్యా" అన్నది లచ్చవ్వ. "చెవులు సుత పోయినై."

డాక్టర్ సాబ్ జేబు గడియారం తీసి ఒక చెవి దగ్గర పెట్టాడు, తర్వాత రెండో చెవి దగ్గర. వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు. చెట్టు మీది కాకులు లేచిపోయాయి గాని సాయిలు కదలలేదు. కళ్ళ మసక మాత్రం కొంత తగ్గింది. డాక్టర్ సాబ్ సీసా అడిగి తీసుకుని, చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. సీసా పట్టుకుని నా గదిలోకి వచ్చాడు.

"పట్టీ ఏది?"

"లేదు సాబ్."

"లేబుల్?"

"లేదు సాబ్."

"క్యోం?"

"వెనక కిటికీ సీసా సాబ్."

ఆయన నా భుజం మీదుగా ఆ కిటికీ వైపు చూశాడు. "ఆరేండ్ల సంది గిట్లనేనా?"

"అవును సాబ్."

"నేను గా కిటికీ దిక్కు రాలే. నువ్వు సాఫ్‌గా పని చేస్తవని నాకు నీ మీద ఫికర్ లేకుండె." సీసాను బల్ల మీద పెట్టాడు. "నీ చేతికి ఏమైతుండె మియా, ముట్టుకుంటె?"

తర్వాత రిజిస్టర్ తెరిచి కూర్చున్నాడు. చాలాసేపు కలం పట్టుకుని ఆలోచించాడు. "నిజం రాస్తె నీ నౌకరి పోతది. పోవాల్సిందే. గని లడాయి దినాలు, నీ జాగల ఇంకొకడు వచ్చెటాల్లకు ఎన్ని నెలలో. అప్పటిదాక గీ జ్వరాలకు మందు కలిపెటోడు ఎవడు?" అని, నన్ను కాదు, తనను తానే అడుగుతున్నట్టు అడిగి, ఒక్క మాట రాశాడు. ఇడియోసింక్రసీ. అంటే మందు సరైనదే, మోతాదూ సరైనదే, దాన్ని తట్టుకోలేని లోపం రోగి శరీరంలోనే ఉందని అర్థం.

నాకు సంతోషమేసింది. దాచను. లోపల హమ్మయ్య అనుకున్నాను. ఆ శనివారం భజనకు కూడా పోయాను. తాళం వేస్తూ వేస్తూ ఆపేసి, కడుపులో నొప్పి అని అబద్ధం చెప్పి ఇంటికొచ్చాను.

నెల గడిచింది. డాక్టర్ సాబ్ డోర్నకల్ వైపు క్యాంపుకు పోయిన రోజు, పొద్దెక్కాక, సాయిలూ లచ్చవ్వా వెనక కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. సాయిలు ఒంటి మీద అంగీ లేదు. భుజాల నుంచి నడుము దాకా వీపంతా వాతలు, కొన్నిచోట్ల తోలు లేచి పచ్చిగా ఉంది.

"ఏమైంది అవ్వా?" అన్నాను. అవ్వా అని నోటికి ఎలా వచ్చిందో.

"గడీ మనిషి ఎనక నుంచి పిలిచిండట. ఈయనకు ఇనవడక పోతనే ఉన్నడు. పిలిస్తె పలుకనంత బలిసినవా అని చింత బరిగెతోటి కొట్టిండ్రు. చెవుడు వచ్చిందని నేను మొత్తుకున్న, కాళ్ళ మీద పడ్డ. ఏషాలేస్తాండు, మొన్నటిదాక మంచిగనే ఉండె గద అన్నరు." ఊపిరి పీల్చుకుని మళ్ళీ అన్నది. "డప్పు సుత పాడాయె అయ్యా. మంట కాడ పట్టుకొని కొడ్తనే ఉన్నడు, కొడ్తనే ఉన్నడు. ఫట్టున పిగిలింది. గప్పటి సంది ఇంట్ల ఒక్క మాట లేదు."

ఆ గదికి వెనక ఒక తలుపు ఉంది. ఆరేళ్ళలో నేను దాన్ని తెరిచింది లేదు, గడియ తుప్పుపట్టి ఉంది. ఆ రోజు గుద్ది తీశాను. లోషన్ గిన్నె, దూది, టింక్చర్ తీసుకుని బయటికి వచ్చి, సాయిలును బండ మీద కూర్చోబెట్టి, వీపు మీద చెయ్యి వేశాను. ఒళ్ళు వేడిగా ఉంది. అంతే. ఒక మనిషి ఒళ్ళు. దీన్ని ముట్టుకుంటే ఏదో అయిపోతుందని ముప్పై ఏళ్ళు బతికాను.

టింక్చర్ తగిలితే భగ్గుమంటుంది కాబట్టి ముందుగా చెప్పడం అలవాటు. "సాయిలన్నా, మంట పుడ్తది, జర ఓర్చుకో" అన్నాను.

లచ్చవ్వ నన్ను వింతగా చూసింది. "ఎవలకు చెప్తానవ్ అయ్యా? ఆయనకు ఇనస్తదా?"

అన్నా అని పిలవడానికి ఆరేళ్ళు అవకాశం ఉండింది. ఏడుపు ఆగలేదు. వీపు తుడుస్తూనే లచ్చవ్వకు అంతా చెప్పాను. ముందు వరండాలో పట్టీలు అతికిస్తామని, ఇక్కడ అతికించమని, గుక్కెడు అన్నది నా తప్పని, రెండోసారి పోసింది అంతకంటే పెద్ద తప్పని, డాక్టర్ సాబ్ రాసింది నిజం కాదని.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని విన్నది. "నేనడిగిన అయ్యా ఆనాడు. జర చూపెట్టుమని అడిగిన."

"అడిగినవ్ అవ్వా."

"గంత చిన్న పనేనా?"

నేను దూది మళ్ళీ లోషన్‌లో ముంచాను.

"నాకు చెప్తె ఏం ఫాయిద? చెవులు పోయింది నాయి గావు. ఆయనకు చెప్పు."

చెవులు లేని మనిషికి, చదువు రాని మనిషికి ఎలా చెప్పాలి? లోపలికి పోయి తొమ్మిది గంట్ల పట్టీ ఒకటి, గంజి గిన్నె, నీళ్ళు నింపిన సీసా తెచ్చాను. ఆయన చూస్తుండగా పట్టీ అతికించాను. ఆయన చూపుడువేలు పట్టుకుని మొదటి గంటు మీద పెట్టాను, రెండో గంటు, మూడో గంటు, అలా తొమ్మిదింటి మీదా నడిపించాను. ఒక్కో గంటుకూ తాగుతున్నట్టు సైగ చేశాను. తోలు మీద బెజ్జాల ఎడం వేలితో కొలిచే మనిషి ఆయన, రెండో గంటు దగ్గరే అర్థమైపోయింది. తర్వాత లచ్చవ్వ చేతిలోని వాళ్ళ సీసా తీసుకుని అదే వేలును దాని మీద పైనుంచి కిందికి జరిపాను. నున్నటి గాజు. ఎక్కడా ఏమీ తగలదు. ఆ వేలును నా గుండె మీద పెట్టుకున్నాను.

ఆయన వేలు వెనక్కి లాక్కున్నాడు. రెండు సీసాల వైపూ చూశాడు. మాట్లాడినప్పుడు చెవిటివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా, ముందు వరండాలో ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా మాట్లాడాడు.

"గీ పట్టీ ముందటోల్లందరికి పెడ్తవా?"

తల ఊపాను.

"మా కిటికి కాడ పెట్టవ్."

ఊపాను.

"ముట్టుకోవాలె గన్క."

ఊపాను.

ఆయన వీపు నావైపు తిప్పాడు, మందు పూయడం పూర్తి చెయ్యమన్నట్టు. నేను మళ్ళీ టింక్చర్ పూయసాగాను. అటు తిరిగే అన్నాడు. "నీ చెయ్యి వణుకుతాంది. ఏడుస్తానవా శేటూ? నా ఎనక నిలవడి ఏడిస్తె నాకు ఇనస్తదా? కిటికి కాడికి పో. ఇయ్యాల సుత ఎవలో సీస వట్టుకొని నిలవడ్డరు."

నిజమే. కాస్త దూరంలో మాలవాడ నుంచి వచ్చిన ఒకామె పిల్లవాడి దగ్గుమందు కోసం సీసా పట్టుకుని నిలబడి, మా ముగ్గురినీ భయంగా చూస్తోంది. నేను పోయి ఆమె చేతిలోంచి సీసా తీసుకోబోతే గభాల్న వెనక్కి జరిగింది. "వద్దయ్యా, మాకు పాపం తగుల్తది" అన్నది. బతిమాలి తీసుకున్నాను. మందు పోసి, లేబుల్ రాసి, పట్టీ అతికించి ఇచ్చాను. ఆమె దాన్ని ఏదో తెగులు సోకిన వస్తువులా కొంగుతో పట్టుకుని పోయింది. తప్పు నేను ఒక్క పూటలో మానుకున్నాను గాని, నేను పెట్టిన భయం వాళ్ళను వదలడానికి ఏళ్ళు పట్టింది.

ఇంట్లో సంగతి చెప్పుకోవడానికేమీ లేదు. సాయంత్రానికే బజారంతా పొక్కింది. నాయన తర్వాత కొట్టు నడిపే మా అన్న నన్ను అందులో అడుగుపెట్టనివ్వలేదు, పండగలకు నా విస్తరి వరండాలో వేశారు. ఇదేదో నేను పడ్డ పెద్ద కష్టమని చెప్పడం లేదు. వీపు మీద బరిగె పడ్డ మనిషిని చూశాక నా విస్తరి ఎక్కడ వేస్తే ఏం?

సాయిలు ఇంకో రెండేళ్ళు బతికాడు. అప్పుడప్పుడూ వచ్చి కిటికీ కింద కూర్చునేవాడు. నన్ను క్షమించానని ఏనాడూ అనలేదు, నేనూ అడగలేదు. ఆయన మాట్లాడేవాడు, నేను తల ఊపేవాణ్ణి. నాకు చెప్పాలని ఎన్నో ఉండేవి. కర్మ గురించి నేను కూసిన కూతలు వెనక్కి తీసుకోవాలని ఉండేది. సైగలతో కర్మను ఎలా వెనక్కి తీసుకుంటాం?

ఒక్కసారి మాత్రం ధైర్యం చేసి కుడి చెవి చూపించి, చేతులు జోడించి, గురువు చెప్పిన మాట లోపల ఇంకా వినిపిస్తోందా అని సైగతో అడిగాను. అవునంటాడని ఆశ. అంటే నా పాపం కొంత తగ్గినట్టుంటుందని.

"గురువు మాటనా? ఇనస్తాంది" అన్నాడు. నా మొహం వికసించడం చూశాడేమో, వెంటనే అన్నాడు. "గని గడీ మనిషి పిలుపు ఇనస్తలేదు శేటూ. దెబ్బలు గురువు మాట మీద పడ్తలేవు, ఈపు మీద పడ్తానయ్."

ఆ తర్వాత నేను ఎవరికీ ఆధ్యాత్మికం చెప్పలేదు. దేవుణ్ణి నమ్మడం మానలేదు, చెప్పడం మానేశాను.

ముప్పై ఏళ్ళ పైచిలుకు ఈ పని చేశాను. కొత్తగా చేరిన కాంపౌండర్లకు పట్టీ కొయ్యడం నేర్పేటప్పుడు, మందు సీసాలో పడితే సగం పనే అయిందని, రోగి చేతికి లెక్క అందితేనే మిగతా సగం అవుతుందని చెప్పేవాణ్ణి. నేను సరిగ్గానే కలిపాను, సరిగ్గానే కొలిచాను. ముట్టుకోవడం దగ్గర ఆగిపోయాను. వైద్యం అక్కడే ఆగిపోయింది. ఇంత చిన్న సంగతి తెలియడానికి ఇంకొకరి చెవులు కావాల్సి వచ్చాయి.

ఒక్క పని మాత్రం చెయ్యలేదు. ఆ రిజిస్టర్ ఎన్నో ఏళ్ళు నా అల్మారాలోనే ఉంది, తాళంచెవి నా మొలకే ఉండేది. ఆ పేజీ తీసి చాలాసార్లు చూశాను. కలం పట్టుకుని కూడా కూర్చున్నాను. కొట్టివేసి నిజం రాయడానికి ఒక్క నిమిషం చాలు. ఉద్యోగం, పిల్లలు, పెన్షన్ అనుకుంటూ మూసేశాను. తర్వాత పాత రిజిస్టర్లన్నీ చెదలు పట్టాయని తగలబెట్టారు. అవి కాలేదాకా సాయిలు శరీరంలోనే లోపం ఉంది.

ఇప్పుడు రాస్తున్నాను. రోగి పేరు సాయిలు. జబ్బు చలిజ్వరం. ఆయన శరీరంలో ఏ లోపమూ లేదు. భార్య మోతాదు చూపించమని అడిగింది. సీసాకు పట్టీ లేదు. కాంపౌండర్ అతికించలేదు.